గైడు కథ చెప్పినప్పుడు అది పుట్టిన కాలం కూడా చెప్పాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. విదేశాలకు వెళ్లివచ్చే తెలుగువారు ఎక్కువైన కొద్దీ పత్రికల్లో యాత్రా వ్యాసాలు కూడా ఎక్కువయ్యాయి. పాత నగరాల వీధుల్లో గైడు వెంట కాలినడకన తిరిగిన అనుభవాల గురించి వచ్చే వ్యాసాలను నేను వదలకుండా చదువుతాను. చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌లోని పాత పట్టణం, దానికి ఆనుకుని ఉన్న యోసెఫోవ్ అనే యూదుల పేట ఈ వ్యాసాల్లో తరచుగా కనిపిస్తాయి. ఆ నడకలో నేనూ పాల్గొన్నాను. తిరిగివచ్చాక ఆ వీధుల చరిత్ర గురించి దొరికినంత చదివాను. చదివిన కొద్దీ నాకు కలిగిన ఆవేదనను మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పత్రాల్లో ఆధారం ఉన్న చరిత్రను, జనం నోట పెరుగుతూ వచ్చిన కథను గైడ్లు ఒకే గొంతుతో, ఒకే నమ్మకంతో వినిపిస్తున్నారు. వినేవారికి ఏది ఏదో తెలిసే వీలు ఉండదు. విన్నది విన్నట్టే వ్యాసాల్లోకి ఎక్కుతుంది, అచ్చయ్యాక దానికి మరింత బలం వస్తుంది.

పాత పట్టణపు టౌన్‌హాలు దక్షిణపు గోడ మీద ఉన్న ఖగోళ గడియారాన్నే తీసుకుందాం. ప్రతి గంటకూ దాని కింద వందలమంది తలలెత్తి నిలబడతారు. ఒక పక్కన ఉన్న అస్థిపంజరం గంట తాడు లాగి, రెండో చేతిలోని ఇసుక గడియారాన్ని తిప్పుతుంది. పైన రెండు చిన్న కిటికీలు తెరుచుకుని, అపొస్తలుల బొమ్మలు ఒకదాని వెనక ఒకటి కనిపించి వెళ్లిపోతాయి. చివర బంగారు రంగు కోడిపుంజు కూస్తుంది. అంతా నిమిషం లోపే ముగుస్తుంది. ఆ వెంటనే గైడు హానుష్ అనే గడియారాల నిపుణుడి కథ అందుకుంటాడు. ఇంత అద్భుతమైన గడియారాన్ని మరో నగరానికి చేసిపెడతాడేమోనన్న భయంతో నగర పెద్దలు అతని కళ్లు పొడిపించారని, కసి తీర్చుకోవడానికి ఆ గుడ్డివాడు పైకెక్కి యంత్రంలో చెయ్యిపెట్టి దాన్ని ఆపేశాడని చెబుతాడు. వింటున్నవారిలో కొందరు అప్రయత్నంగా తమ కళ్ల మీద చెయ్యి వేసుకోవడం నేను చూశాను. కథకు అంత పట్టు ఉంది.

కానీ ఆ గడియారాన్ని చేసింది హానుష్ కాదు. 1410 నాటి పత్రం ఒకటి ఆ పనిని కాదన్ ఊరికి చెందిన మికులాష్ చేశాడని మెచ్చుకుంటూ చెబుతుంది. లెక్కలు సమకూర్చినది ప్రాగ్ విశ్వవిద్యాలయ పండితుడు యాన్ షిండెల్ అని పరిశోధకులు చెబుతారు. హానుష్ ఉన్నమాట నిజమే. అయితే అతను ఆ తర్వాత ఎనభై ఏళ్లకు, 1490 ప్రాంతంలో, ఆ గడియారం బాగోగులు చూసినవాడు. పదహారో శతాబ్దంలో దాన్ని సంరక్షించిన మరొకరు హానుష్‌నే నిర్మాతగా రాసిపెట్టడంతో అసలు నిర్మాత పేరు మరుగున పడింది. అది మళ్లీ అందరికీ తెలియడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసివచ్చింది. కళ్లు పొడిపించారన్న మాటకు ఆ కాలపు ఆధారం ఏదీ లేదు. మాస్కోలోని సెయింట్ బేసిల్ చర్చి కట్టినవారి కళ్లు తీయించారని, తాజ్‌మహల్ కట్టిన కార్మికుల చేతులు నరికించారని చెప్పుకునే కథలు కూడా ఈ అచ్చులో పోసినవే. వాటికీ ఆధారాలు లేవు. గొప్ప కట్టడం కనిపించినచోట దాన్ని కట్టినవారికి జరిగిన అన్యాయం గురించి ఒక కథ పుట్టడం మనుషుల స్వభావంలోనే ఉందేమో.

ఈ కథ వల్ల జరిగే నష్టం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. మొదటి నష్టం మికులాష్‌కు, షిండెల్‌కు. వారి పేర్లు తెలియకుండానే జనం అక్కడి నుంచి కదిలిపోతారు. రెండో నష్టం చూసేవారికి. బొమ్మల ఆటకూ, కళ్లు పొడిచిన కథకూ మధ్య అసలు గడియారం ఎవరికీ కనబడదు. ఆ పలక నిజానికి గోడకు తగిలించిన పంచాంగం లాంటిది. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో, చంద్రుడి కళ ఎంతో అది చూపుతుంది. బయటి వలయం సూర్యాస్తమయం నుంచి ఇరవైనాలుగు గంటలు లెక్కపెట్టే పాత చెక్ పద్ధతిని చూపుతుంది. లోపలి వంపు గీతలు సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఉన్న పగటిని పన్నెండు భాగాలు చేస్తాయి కాబట్టి, ఆ లెక్కలో వేసవి గంట నిడివి చలికాలపు గంట కంటే ఎక్కువ. రాశుల పేర్లు చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన తెలుగువాడికి ఆ పలకను చదవడం నేర్పడానికి గైడుకు అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలూ కట్టుకథలోని గుడ్డివాడికే ఖర్చయిపోతున్నాయి.

అదే టౌన్‌హాలుకు తూర్పు వైపు నేల మీద, రాళ్ల మధ్య, 27 తెల్లని శిలువ గుర్తులు పొదిగి ఉన్నాయి. చాలామంది వాటి మీద నడుచుకుంటూ పోతారు. 1620 నవంబరులో తెల్లకొండ యుద్ధంలో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి సేనల చేతిలో ఓడిపోయిన బొహీమియా (ప్రాగ్ రాజధానిగా ఉన్న అప్పటి చెక్ రాజ్యం) తిరుగుబాటు నాయకుల్లో 27 మందిని 1621 జూన్ 21న అక్కడే చంపారు. ముగ్గురు ప్రభువులు, ఏడుగురు నైట్ హోదా గల యోధులు, పదిహేడుగురు నగరవాసులు. పన్నెండు మంది తలలను వంతెన బురుజుకు వేలాడదీసి ఏళ్ల తరబడి అలాగే ఉంచారు. ఆ చనిపోయినవారిలో విశ్వవిద్యాలయానికి అధిపతిగా ఉన్న యాన్ యెస్సేనియస్ అనే వైద్యుడు ఒకడు. 1600లో ప్రాగ్‌లో నలుగురి ఎదుట మానవదేహాన్ని కోసి శరీర నిర్మాణాన్ని వివరించినది ఆయనే. తల నరికే ముందు ఆయన నాలుక కోశారు. ఇది కథ కాదు, నమోదైన చరిత్ర. ఒక మూల తిరిగితే కనిపించే ఈ చోట నిజంగా ఒక పండితుడి నాలుక కోసి ఉండగా, ఆ మూలకు ఇవతల ఎన్నడూ జరగని కళ్ల పొడిపింత గురించి అంతసేపు చెప్పడం నాకు మింగుడుపడలేదు. మా గైడు ఆ శిలువలను వేలితో చూపించి, ఒక్క వాక్యం చెప్పి ముందుకు నడిపించాడు. యెస్సేనియస్ పేరు ఆ నడకలో వినబడనే లేదు.

చౌకు అవతల టీన్ చర్చి ఉంది. అందులో ఖగోళ శాస్త్రజ్ఞుడు టైకో బ్రాహే సమాధి ఉంది. 1601లో ఆయన అంత్యక్రియల్లో ప్రసంగించినది ఈ యెస్సేనియస్సే. చౌకు దాటే ఆ కొద్ది నిమిషాల్లో గైడు ఈ ఒక్క ముక్క చెబితే, విడివిడిగా ఉన్న రెండు కట్టడాలు వినేవారి మనసులో కలుసుకుంటాయి. అందుకు బదులు అక్కడ కూడా మరో కథ వినిపిస్తుంది. టైకోకు విషం పెట్టారట, పెట్టినవాడు ఆయన సహాయకుడు కెప్లరేనట.

ఈ విషం కథను కొంచెం వివరంగా చెప్పక తప్పదు. ఎందుకంటే ఆధారం ఉన్న మాటను, లేని మాటను వినగానే పోల్చుకోవడం ఎంత కష్టమో ఇది చూపిస్తుంది. టైకో ఒక విందులో మర్యాద కోసం మధ్యలో లేవకుండా మూత్రం బిగబట్టుకున్నాడని, ఆ తర్వాత మూత్రం బంధించి పదకొండు రోజులకు చనిపోయాడని మరో కథ ఉంది. వినడానికి అది కేవలం పుక్కిటి పురాణంలా ఉంటుంది. కానీ దాన్ని రాసిపెట్టినవాడు ఆ రోజుల్లో పక్కనే ఉన్న కెప్లర్. విషప్రయోగం మాట మాత్రం శాస్త్రీయంగా వినిపిస్తుంది. 1901లో సమాధి తెరిచినప్పుడు తీసి భద్రపరిచిన వెంట్రుకలను 1990లలో పరీక్షించి, పాదరసం ఎక్కువగా ఉందన్నారు. దాంతో అనుమానం బలపడింది. 2010లో చెక్, డెన్మార్క్ శాస్త్రవేత్తలు సమాధిని మళ్లీ తెరిచి ఎముకలను, గడ్డపు వెంట్రుకలను పరీక్షించారు. ప్రాణం తీసేంత పాదరసం ఆ దేహంలో లేదని 2012లో ప్రకటించారు. అంటే నవ్వు తెప్పించే కథకు సాక్షి ఉన్నాడు, ప్రయోగశాల వాసన ఉన్న కథ నిలబడలేదు. ఇది తెలిసిన గైడు దాన్ని చెబితే హత్య కథ కన్నా రక్తికడుతుంది. కెప్లర్ మీద అన్యాయంగా పడిన నింద కూడా తొలగుతుంది. గ్రహాల కక్ష్యలు దీర్ఘవృత్తాకారంలో ఉంటాయని, టైకో వదిలిపోయిన లెక్కల సాయంతోనే కనుగొన్న మనిషిని, ఆయన ఆ పని చేసిన నగరంలోనే హంతకుడని రోజూ చాటడం ఎంత అన్యాయం!

యోసెఫోవ్‌లోకి అడుగుపెట్టాక ఈ విషయం మరింత బరువెక్కుతుంది. ఇప్పుడు అక్కడ కనిపించే విశాలమైన వీధులు, అందమైన భవనాలు ప్రాచీనమైనవి కావు. 1893లో చేసిన చట్టం కింద, ఆరోగ్యం పేరుతో, ఇరుకు సందులతో నిండిన పాత పేటను దాదాపు మొత్తం కూల్చి కొత్తగా కట్టారు. ఆరు యూదు ప్రార్థనా మందిరాలు, వారి పాత టౌన్‌హాలు, పాత శ్మశానం మాత్రం మిగిలాయి. పాత వీధుల్లో నడుస్తున్నామని మురిసిపోయే యాత్రికుడికి ఈ సంగతి మొదటి మలుపులోనే చెప్పాలి. చాలామంది గైడ్లు చెప్పరు, ఎందుకంటే అది పాతదనపు మోజును కాస్త చెరుపుతుంది.

అక్కడ అందరూ ఎదురుచూసే కథ గోలెం. రబ్బీ లోవ్ అనే గురువు మట్టితో ఒక మనిషిని చేసి, దానికి ప్రాణం పోసి, యూదులను శత్రువుల నుంచి కాపాడటానికి వాడుకున్నాడని, ఆ మట్టిబొమ్మ ఇప్పటికీ పాత-కొత్త ప్రార్థనా మందిరం అటక మీద ఉందని చెబుతారు. రబ్బీ లోవ్ 1609లో చనిపోయిన గొప్ప పండితుడు. పిల్లల చదువు గురించి, నీతి గురించి ఎన్నో గ్రంథాలు రాశాడు. 1592లో చక్రవర్తి రెండో రుడాల్ఫ్ ఆయనను పిలిపించుకుని మాట్లాడాడు. అయితే గోలెం కథ ఆయన పేరుతో అచ్చులో కనిపించడం మొదలైంది పంతొమ్మిదో శతాబ్దంలో, అంటే ఆయన పోయిన రెండు వందల ఏళ్ల పైచిలుకు తర్వాత. ఈ కథను చెప్పవద్దని నేను అనను. నిజానికి తప్పకుండా చెప్పాలి. అబద్ధపు నిందలు, దాడులు, ఊరి నుంచి వెళ్లగొట్టడాలు తరతరాలుగా చూసిన జాతి తనకొక కావలివాణ్ని ఊహించుకోవడంలో ఎంతో బాధ ఉంది. కథ ఎప్పుడు పుట్టిందో చెబితేనే ఆ బాధ వినేవారికి అందుతుంది. చెప్పకపోతే అది మంత్రగాడి గారడీగా మిగిలిపోతుంది, లోవ్ రాసిన గ్రంథాల సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది.

పాత శ్మశానంలో ఆయన సమాధి దగ్గర జనం గులకరాళ్లు, మడిచిన కాగితాలు పెట్టిపోతారు. ఆ శ్మశానాన్ని చూడటానికి నిజంగా ఏ కథా అక్కర్లేదు. పదిహేనో శతాబ్దం నుంచి 1787 దాకా అక్కడే పూడ్చారు. విస్తరించడానికి చోటు దొరక్క, ఉన్న సమాధుల మీదే మట్టి తెచ్చిపోసి, పొర మీద పొరగా పూడ్చుకుంటూ వెళ్లారు. కింది పొరల శిలలను కూడా పైకి తెచ్చి నిలబెట్టడం వల్ల దాదాపు 12,000 రాళ్లు ఒకదానినొకటి ఒరుసుకుంటూ, కొన్ని ముందుకు వాలి, కొన్ని సగం భూమిలో కూరుకుపోయి కనిపిస్తాయి. ఒక జాతికి బతికున్నప్పుడు ఎంత చోటు ఇచ్చారో, చనిపోయాక ఎంత ఇచ్చారో అక్కడ కంటికే తెలుస్తుంది.

పక్కనే ఉన్న పింకాస్ ప్రార్థనా మందిరం గోడల నిండా బొహీమియా, మొరావియా ప్రాంతాల నుంచి నాజీలు తీసుకుపోయి చంపిన దాదాపు 78,000 మంది యూదుల పేర్లు చేతితో రాసి ఉన్నాయి. ఊరి పేరు, ఇంటిపేరు, మనిషి పేరు, పుట్టిన తేదీ, ఆ మనిషి గురించి తెలిసిన చివరి తేదీ. 1950లలో రాసిన ఆ పేర్లు 1968 తర్వాత మందిరం మూతబడి, చెమ్మకూ నిర్లక్ష్యానికీ పోతే, 1990లలో మళ్లీ మొదటి నుంచి రాశారు. ఆ గోడల ముందు గైడ్లు సాధారణంగా మౌనంగా ఉంటారు. అది వారి సంస్కారం. కానీ అక్కడి నుంచి బయటికి రాగానే వినిపించే ఒక మాట గురించి చెప్పడానికే ఇంతసేపూ ఈ ఉత్తరం రాశాను.

ఆ మాట ఇది: యూదులందరినీ చంపేశాక ఇక్కడ 'అంతరించిన జాతి మ్యూజియం' పెట్టాలని హిట్లర్ అనుకున్నాడని, అందుకే యూరప్‌లో మరెక్కడా మిగలనన్ని యూదుల వస్తువులు ప్రాగ్‌లో మిగిలాయని అంటారు. గైడ్లు, యాత్రా పుస్తకాలు, యాత్రా వ్యాసాలు అన్నీ ఇదే చెబుతాయి. నాజీల పత్రాల్లో ఈ ఆలోచనకు, ఆ పేరుకు ఆధారం దొరకలేదని దీన్ని పరిశీలించిన చరిత్రకారులు చెబుతున్నారు. ప్రాగ్‌లో యూదుల మ్యూజియం 1906లోనే మొదలైంది. పేట కూల్చివేతలో పోతున్న ప్రార్థనా మందిరాల వస్తువులను కాపాడుకోవడానికి యూదులే దాన్ని పెట్టుకున్నారు. 1942లో, రైళ్లలో మనుషులను తరలిస్తున్న రోజుల్లో, ఖాళీ అయిపోతున్న ఊళ్ల మందిరాల్లోని తెరలు, వెండి అలంకరణలు, గ్రంథాలు నాశనం కాకుండా ప్రాగ్‌కు చేర్చి భద్రపరచాలని ప్రతిపాదించింది కూడా యూదు సంఘంలోనివారే. నాజీ అధికారులు తమ కారణాలతో దానికి ఒప్పుకున్నారు. వందకు పైగా ఊళ్ల నుంచి వచ్చిపడిన వేలాది వస్తువులకు ఒక్కొక్కదానికీ చీటీ రాసి, ఏ ఊరిదో, ఏ కాలానిదో నమోదు చేసినవారు యూదు పండితులు, ఉద్యోగులు. తమ పేరు తరువాతి రైలు జాబితాలో ఉండవచ్చని తెలిసీ ఆ పని చేశారు. వారిలో చాలామంది తిరిగి రాలేదు.

ఇప్పుడు ఆలోచించండి. ఈ వస్తువులు మిగలడానికి కారణం హిట్లర్ పథకమని చెప్పినప్పుడు, వాటిని కాపాడినవారి శ్రమను తీసి, వారిని చంపినవాడి ఖాతాలో వేసినట్టవుతుంది. గడియారం దగ్గర కట్టుకథ ఇద్దరు నిపుణుల పేర్లు మింగింది, ఇక్కడ చావు ముందు నిలబడి పనిచేసినవారి పేర్లను మింగుతోంది. గైడులో దురుద్దేశం ఉందని నేను అనడం లేదు. తనకు చెప్పినదే అతను చెబుతున్నాడు. కానీ ఆ గోడల మీద ఒక్కొక్క పేరూ తప్పు లేకుండా రాయడానికి అంత శ్రమపడినచోట, నోటి మాటలో కూడా అంత జాగ్రత్త ఉండాలి.

ఈ పరిస్థితికి కారణం కొంతవరకు ఈ నడకలు సాగే తీరులోనే ఉంది. ప్రాగ్‌లోనే గాక చాలా నగరాల్లో ముందుగా రుసుము తీసుకోని 'ఉచిత' నడకలు బాగా వ్యాపించాయి. వాటిలో గైడు సంపాదన చివర మనమిచ్చే టిప్పు మీద ఆధారపడుతుంది. రెండు గంటల్లో ముప్పైమందిని ఎండలో, చలిలో కూడగట్టుకుని నడిపించాలి, చివర వారి చేత జేబులో చెయ్యి పెట్టించాలి. 'దీనికి ఆధారం లేదు' అన్న మాట ఆ చేతిని వెనక్కి లాగుతుందని అతని భయం. నా అనుభవంలో ఆ భయం అక్కర్లేనిది. హానుష్ గురించి చెప్పి, అది ఎందుకు నిజం కాదో, నిర్మాత పేరు ఎలా బయటపడిందో కూడా చెప్పిన నడకకు తక్కువ చప్పట్లు పడవు. మనుషులకు రహస్యం ఎంత ఇష్టమో, రహస్యం విడిపోవడం కూడా అంతే ఇష్టం.

కథలు లేకుండా చరిత్ర ఎండిపోతుందని, యాత్రికులు పరిశోధకులు కారని కొందరు మిత్రులు నాతో వాదించారు. వారి మాటలో న్యాయం ఉంది. సెలవు మీద, కుటుంబంతో వెళ్లినవారికి పత్రాల సంఖ్యలు చదివి వినిపించమని ఎవరూ అడగరు. నేను కోరేది ఇంతే: ఒక మాటకు ఆ కాలపు సాక్ష్యం ఉంటే ఉందని, తర్వాత పుట్టిన కథ అయితే ఎప్పుడు పుట్టిందో, తెలిస్తే ఎందుకు పుట్టిందో ఒక వాక్యంలో చెప్పాలి. నడకలు నిర్వహించే సంస్థలు గైడ్లకు ఇచ్చే శిక్షణలో దీన్ని చేర్చాలి. అలా చెప్పగలిగిన గైడుకు కొంచెం ఎక్కువ ఇవ్వడం మన వంతు.

మన తెలుగువారికి మరొక ఇబ్బంది కూడా ఉంది. బృందంతో వెళ్లినప్పుడు గైడు ఇంగ్లీషులో చెప్పిన దాన్ని బృందం నడిపేవారు తెలుగులో కుదించి చెబుతారు. కుదించేటప్పుడు మొదట పోయేవి 'అంటారు', 'చెప్పుకుంటారు' అనే మాటలే. గైడు జాగ్రత్తగా 'ఒక కథ ఉంది' అని మొదలుపెట్టినా, మన చెవికి చేరేసరికి అది జరిగిన సంగతిగా మారుతుంది. బృందాలను నడిపేవారు ఈ చిన్న మాటలను మింగేయకుండా చూడాలని, వినేవారు సంకోచించకుండా 'ఇది ఎక్కడ రాసి ఉంది?' అని అడగాలని కోరుతున్నాను. ఆ ప్రశ్నకు మంచి గైడు కోపం తెచ్చుకోడు. నేను అడిగినప్పుడు మా గైడు కాసేపు ఆలోచించి, తనకు తెలియదని నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఆ జవాబు తర్వాత అతను చెప్పిన మిగతా మాటల మీద నాకు నమ్మకం పెరిగింది.

సంపాదకులకు నా విన్నపం ఒకటి ఉంది. మీ యాత్రా పేజీకి ప్రాగ్ గురించి గాని, అలాంటి మరో పాత నగరం గురించి గాని వ్యాసం వచ్చినప్పుడు, అందులోని కథలను తీసివేయకండి. కాని అవి కథలని తెలిసేలా ఒక్క మాట చేర్పించండి. గడియారం బొమ్మ వేసినప్పుడు కింద మికులాష్, షిండెల్ పేర్లు వేయండి. యూదుల మ్యూజియం గురించి రాసినప్పుడు దాన్ని 1906లో ఎవరు, ఎందుకు మొదలుపెట్టారో ఒక వాక్యం ఇవ్వండి. ఇక ఆ నడకకు వెళ్లాలనుకునే పాఠకులు ఒకటి గమనించాలి: యూదుల మ్యూజియం కిందికి వచ్చే పింకాస్ మందిరం, పాత శ్మశానం శనివారాల్లో, యూదుల పండుగ రోజుల్లో మూసి ఉంటాయి. చాలా ప్యాకేజీ యాత్రల్లో ప్రాగ్‌కు కేటాయించేది ఒక్క పగలే కాబట్టి, అది శనివారం పడకుండా బయలుదేరే ముందే నిర్వాహకులతో మాట్లాడుకోవడం మంచిది.

భవదీయుడు,
మీ పాఠకుడు